మల్టీఫోకల్ గీత ఎందుకు కిందుంది?

ప్రశ్న: మా నాన్నగారికి శుక్లం ఆపరేషన్ చేయించాలి. మోనోఫోకల్ (ఒకే దూరానికి చూపు కుదిర్చేది), మల్టీఫోకల్ (దూరానికీ దగ్గరకూ పనికొచ్చేది) లెన్సుల బ్రోచర్లు ఇచ్చారు. రెండింట్లోనూ ఎంటీఎఫ్ అని ఒక గ్రాఫ్ ఉంది. ఖరీదు ఎక్కువైన మల్టీఫోకల్ గీతే కిందుంది. ఎందుకని?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అది లోపం కాదండీ, ఆ లెన్స్ చేసే పనే అలాంటిది. ఎంటీఎఫ్ (మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్) అంటే లెన్స్ ఎంత స్పష్టంగా చూపిస్తుందో చెప్పే అంకె. ముందు అది ఎలా వస్తుందో చూద్దాం. నల్లగీత, తెల్లగీత జతలుగా పక్కపక్కనే ఉన్నాయనుకోండి. లెన్స్ దాటాక కూడా నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా ఉంటే ఎంటీఎఫ్ 1. రెండూ కలిసిపోయి ఒకటే బూడిదరంగు కనిపిస్తే 0. కెమెరా లెన్సుల్నీ ఇలాగే కొలుస్తారు. కాకపోతే కంటి లెన్స్‌ను ఉప్పునీటిలో ఉంచి, ముందు కృత్రిమ కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పెట్టి, 3 మి.మీ. రంధ్రం గుండా ఆకుపచ్చ కాంతి పంపుతారు. మిల్లీమీటరుకు 100 జతల దగ్గర సాధారణ మోనోఫోకల్‌కు కనీసం 0.43 రావాలన్నది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పెట్టిన 11979-2 ప్రమాణం (కొన్ని డిజైన్లకు లెక్క వేరు). అంత సన్నటి గీతలంటే, చార్టులో 6/6 వరుస చదివినంత.

మల్టీఫోకల్ ఇదే వెలుగును దూరానికి, దగ్గరకు పంచుతుంది. పాతకాలపు డిఫ్రాక్టివ్ డిజైన్‌లో (లెన్స్ మీది సన్నటి వలయాలతో వెలుగును విడదీసేది) చెరో 41 శాతం వెళ్తుంది, మిగతా 18 శాతం అక్కరకు రాదు. దూరం చూస్తున్నప్పుడు, దగ్గరకు కేటాయించిన వెలుగు మసకగా పైన పరుచుకుంటుంది. అందుకే గ్రాఫ్‌లో గీత దిగుతుంది. రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపించేదీ అందుకే. దానికి బదులుగా, పేపరు చదవడానికి చాలామందికి కళ్లజోడు అవసరం తగ్గుతుంది. మా అమ్మకు మోనోఫోకల్ వేయించాం. దూరం చక్కగా ఆనుతోంది, బియ్యంలో రాళ్లు ఏరాలంటే మాత్రం జోడు పెట్టుకోవాల్సిందే. ఆమెకు అది ఇబ్బందిగా లేదు.

పరీక్షలో వాడే 3 మి.మీ. రంధ్రం అంటే ఇంచుమించు పగటిపూట కంటిపాప సైజు. చీకట్లో అది పెద్దదవుతుంది. నాన్నగారు రాత్రిళ్లు బండి నడుపుతుంటే 4.5 లేదా 5 మి.మీ. గ్రాఫ్ ఉందేమో తప్పకుండా అడగండి. నేనైతే ముందు చూసేది అదే.

ఇంకో మాట. ప్రయోగశాలలో లెన్స్ సరిగ్గా మధ్యలో, నిటారుగా ఉంటుంది. కంట్లో కాస్త పక్కకు జరగొచ్చు, వాలొచ్చు. షుగరు వల్ల రెటీనా దెబ్బతిని ఉంటే ఎంత మంచి గ్రాఫూ చూపు తెచ్చిపెట్టదు. అలాంటి కంటికి వెలుగును పంచే లెన్స్ వద్దనే డాక్టర్లు ఎక్కువ. కాబట్టి రెటీనా పరీక్ష రిపోర్టు చేతికొచ్చాకే లెన్స్ సంగతి మాట్లాడండి. ఆపరేషన్ అయ్యాక లెన్స్ మోడల్, పవర్, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్ ఇస్తారు. ఫొటో తీసి ఫోన్లో దాచుకోండి, రెండో కంటికి కావాల్సి వస్తుంది.