ఫోన్ యాప్‌తో డిమెన్షియా ముందే తెలుస్తుందా?

మీ అమ్మగారికి 68 ఏళ్లు, ఈమధ్య మరుపు ఎక్కువైంది, ఏదైనా యాప్‌తో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉందో లేదో తేల్చుకోవచ్చా అని అడిగారు. యాప్ తేల్చలేదండీ. కానీ ఆవిడ రోజూ వాడే ఫోన్‌లోనే డాక్టరుకి కావలసిన సమాచారం చాలా ఉంటుంది. మా నాన్నగారి విషయంలో అదే అక్కరకొచ్చింది.

మేముండేది వైజాగ్ ఎంవీపీ కాలనీలో. న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) మొదట అడిగింది, "ఏడాది కిందట చేసుకుని, ఇప్పుడు చేసుకోలేకపోతున్న పనులేంటి?" అని. నాన్నగారేమో "నాకేం, బానే ఉన్నాను" అన్నారు. అప్పుడు ఆయన్ని అడిగే ఫోన్‌పేలో పాత లెక్కలు తీశాం. పాలవాడికి ఒకే నెల డబ్బు రెండుసార్లు వెళ్లింది. కరెంటు బిల్లు ఏనాడూ గడువు దాటనివ్వని మనిషి, నెలల తరబడి ఆలస్యంగా కడుతున్నారు. కాల్ లిస్టు చూస్తే మా మేనత్తకి ఒకే పొద్దున మళ్లీ మళ్లీ ఫోన్లు, ప్రతిసారీ అదే కబురట. అమెరికాలో 2020లో వచ్చిన ఒక అధ్యయనంలోనూ, డిమెన్షియా నిర్ధారణకి ఆరేళ్ల ముందు నుంచే కొందరు బిల్లులు కట్టడం తప్పుతున్నట్టు కనబడింది.

తర్వాత డాక్టరు నాన్నగారికి తెలుగులోనే జ్ఞాపకశక్తి, ఆలోచన చూసే పరీక్ష పెట్టారు. గడియారం గీసి పదకొండూ పది చూపించమంటే, అంకెలన్నీ కుడివైపే ఇరికించేసి, ముల్లు ఎటు పెట్టాలో తోచక పెన్సిలు పట్టుకుని ఉండిపోయారు. ఎన్నో ఏళ్లు ఆఫీసు లెక్కలు రాసిన చెయ్యి అది. నాకు గుండె పిండేసినట్టయింది.

భాష సంగతి గట్టిగా పట్టించుకోండి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకి ఇంగ్లీషు యాప్‌లో మార్కులు తగ్గితే అది జబ్బు కిందికి రాదు. ఇలా జ్ఞాపకశక్తి, ఆలోచన చూసే మోకా పరీక్షకి తెలుగు రూపం ఉంది, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ తయారుచేయించిన పరీక్షలూ తెలుగులో ఉన్నాయి. అవే అడగండి. ఇంట్లో ముందే ప్రాక్టీసు మాత్రం చేయించొద్దు, జవాబులు గుర్తుండిపోతే అసలు స్థితి బయటపడదు.

రక్తపరీక్ష గురించి కూడా అడిగారు. డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకమైన అల్జీమర్స్ గుర్తించడానికి తోడ్పడే తొలి రక్తపరీక్షకి 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అదీ 55 ఏళ్లు నిండి, లక్షణాలున్నవాళ్లకే. ముందు విటమిన్ బి12, థైరాయిడ్, వినికిడి చూపించండి. బి12, థైరాయిడ్ లోపాల వల్ల వచ్చే మరుపు మందులతో తగ్గొచ్చు. నాన్నగారికి బి12 బాగా తక్కువుంది, ఇంజెక్షన్లతో కొంత తేరుకున్నారు. మిగతాదానికి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తూనే ఉన్నాం.

ఒక్కటి మాత్రం, అమ్మగారికి తెలియకుండా ఆవిడ ఫోన్ తీయకండి. పక్కన కూర్చోబెట్టుకునే చూడండి. నమ్మకం పోతే తర్వాత హాస్పిటల్‌కి రమ్మన్నా రారు.