"మీ బాబు భలే హుషారండీ" అంటే

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ కూతురు టోక్యో వెళ్తోందే" అంది. నీ కూతురు అని ఎందుకందో నీకు తెలుసు. నువ్వు నెలల పిల్లగా ఉన్నప్పుడు నిన్ను నా ఒళ్లో వేసి తను బీఎడ్ పరీక్షలు రాసుకుంది. ఫోన్ పెట్టేశాక నాకు తెల్లవార్లూ నిద్ర లేదు. మన ఇంటి పిల్ల ఒంటరిగా పరాయి దేశం వెళ్లి ఉద్యోగం చేస్తోందంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఆ ఊళ్లో నేను 2001 నుంచి 2012 దాకా ఉన్నాను. అందుకే నా భయాలు మీ అమ్మ భయాల్లాంటివి కావు.

కాగితాల పని చాలా తేలిక. దిగగానే ఎయిర్‌పోర్టులో రెసిడెన్స్ కార్డు ఇస్తారు. ఇంట్లో చేరిన 14 రోజుల్లోగా వార్డు ఆఫీసుకు వెళ్లి అడ్రసు రాయించుకో. చెప్పులు గుమ్మం దగ్గర, అంటే గెన్‌కాన్‌లో విప్పి, ముక్కు వీధి వైపు తిప్పి పెట్టు. తతామీ చాప మీద స్లిప్పర్లు కూడా వేసుకోకూడదు. టాయిలెట్ స్లిప్పర్లు వేరే ఉంటాయి, వాటితో హాల్లోకి రాకు. చాప్‌స్టిక్‌లు అన్నంలో నిలువుగా గుచ్చకు, పోయినవాళ్లకు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. మన పిండం అనుకో. నీ పుల్లలతో పట్టుకున్న ముక్కను ఎదుటివాళ్ల పుల్లలకు అందించకు. దహనం అయ్యాక అస్థికలు అలాగే అందుకుంటారు. రైల్లో ఫోన్ మాట్లాడకు. నీ ఫోన్ గొంతు నాకు తెలుసు, పక్క వీధికి వినిపిస్తుంది. అక్కడ అది పనికిరాదు, ఇప్పటి నుంచే తగ్గించుకో.

చెత్త గురించి వార్డు వాళ్లే ఒక కాగితం ఇస్తారు. కాలేది ఏ రోజు, కాలనిది ఏ రోజు, సీసాలు, డబ్బాలు ఏ రోజు అని అందులో ఉంటుంది. దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకో. పొద్దున్న ఎనిమిదిలోపు పెట్టి, కాకులు పీకకుండా వల కప్పి రా.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. దాని కోసమే ఈ ఉత్తరం.

మేం వెళ్లినప్పుడు మీ తమ్ముడికి మూడేళ్లు. టోక్యోలోని నిషికసాయ్ పేటలో అప్పటికే మనవాళ్లు చేరుతున్నారు. వైటూకే, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని చేసిన మరమ్మతు పనుల మీద వచ్చిన కుర్రాళ్లు భార్యాపిల్లల్ని తెచ్చుకుంటున్న రోజులవి. తోజాయ్ లైన్ మెట్రో రైలు ఎక్కితే ఆఫీసులు దగ్గర. పైగా ఆ చుట్టుపక్కల ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే బిల్డింగుల్లో హామీ సంతకం పెట్టేవాళ్లు అక్కర్లేదు, ఇంటివాళ్లకు తిరిగిరాని డబ్బు కట్టక్కర్లేదు. మాకు నాలుగో అంతస్తు దొరికింది. మూడో అంతస్తులో సరిగ్గా మా కింద ఒక బామ్మగారు ఉండేవారు. చిన్న మనిషి, తల దువ్వుకుని ఆప్రాన్ కట్టుకోకుండా నేనామెను ఎప్పుడూ చూడలేదు.

నేను గ్రైండరు వెంట తీసుకెళ్లాను చిట్టీ. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన మోటారు నడవదు. మీ బాబాయి ఎక్కడో వెతికి ఇటుకరాయంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకొచ్చారు. ఆదివారం ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి పప్పు వేసేదాన్ని. వంటింటి నేల మీదే గ్రైండరు, పక్కన ఆ ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటూ ఉండేది. ఆరింటికి మీ తమ్ముడు లేచి ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగులు. వాడి మడమలు నేలకు తగిలే చప్పుడు నాకు ముద్దుగా ఉండేది.

ఒకరోజు చెత్త పెట్టడానికి దిగితే బామ్మగారు ఎదురుపడ్డారు. "ఇత్సుమో గెంకి దెస్ నే" అన్నారు. మీ బాబు ఎప్పుడూ భలే హుషారుగా ఉంటాడండీ అని. కొత్త దేశంలో ఒక పెద్దావిడ నా బిడ్డని మెచ్చుకుందని నేను పొంగిపోయాను. వచ్చిన నాలుగు ముక్కలతో థాంక్స్ చెప్పాను. ఇంకో వారం "అసా హయాయ్ దెస్ నే" అన్నారు. మీరు చాలా పొద్దున్నే లేస్తారండీ అని. నేనేం చెప్పానో తెలుసా? మా అమ్మమ్మ తొలికోడి కూయకముందే పొయ్యి వెలిగించేదని, మా ఇంట్లో ఆడవాళ్లందరికీ అదే అలవాటని చేతులు తిప్పుతూ చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నారు. నేను ఊరుకోలేదు. ఆ పిండితోనే ఇడ్లీలు వేసి స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చి వచ్చాను. రెండు రోజుల్లో డబ్బా కడిగి, నిండా నారింజలు పెట్టి తిరిగి ఇచ్చారు. అక్కడ ఏదైనా పుచ్చుకుంటే బదులివ్వకుండా ఉండరు, ఓకాఎషి అంటారు. పొద్దున్నే ఆమెకు నిద్ర లేకుండా చేసింది చాలక, నెలకోసారి పళ్లు కొని ఇవ్వాల్సిన బాధ్యత కూడా నేనే తలకెత్తాను.

ఆరు నెలలు ఇలా గడిచింది. వార్డు హాల్లో వారానికోసారి జపనీస్ నేర్పే క్లాసుకు వెళ్లేదాన్ని. మన గురించి నాలుగు వాక్యాలు చెప్పమంటే నేను బామ్మగారి మెప్పుల గురించే చెప్పాను. టీచరు బల్ల వైపు చూస్తూ ఉండిపోయింది. క్లాసు అయ్యాక నన్ను ఆపి, ఒక్కో మాటా విప్పి చెప్పింది. పిల్లాడు హుషారు అంటే పరుగుల చప్పుడు ఆగడం లేదని. పొద్దున్నే లేస్తారంటే ఆ మిషను మమ్మల్ని లేపుతోందని. "మీకు రెండుసార్లు చెప్పారు, మూడోసారి చెప్పరు" అంది.

ఆ సాయంత్రమే మిఠాయి పెట్టె కొనుక్కుని కిందికి వెళ్లాను. బామ్మగారు తలుపు తీశారు. ఆమె భుజం మీదుగా లోపలి గది కనబడింది. పరుపు మీద పెద్దాయన పడుకుని ఉన్నారు, పక్కన మందుల ట్రే. ఆ గది సరిగ్గా మా వంటింటి కింద. నాకు నోట మాట రాలేదు. నేను వంగి క్షమించమంటే ఆమె "ఈయె, ఈయె", అంటే అబ్బే అబ్బే అంటూ నాకంటే కిందికి వంగారు. తిట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు. మర్నాడు మందపాటి నురుగు చాపలు కొని ఇల్లంతా పరిచాం. కుర్చీ కాళ్లకు గుడ్డలు చుట్టాం. గ్రైండరు మడత పెట్టిన బొంత మీదికి, తొమ్మిది దాటాకకి మారింది. పది రోజుల తర్వాత మెట్ల దగ్గర ఆమె "సముకు నరిమషితా నే" అన్నారు. చలి వచ్చేసిందండీ అని. ఇంటికొచ్చి మా టీచరుకి ఫోన్ చేశాను, దీని అర్థం ఏమిటని. చలి వచ్చిందని అర్థం, అంతే అంది. నాకు ఏడుపొచ్చింది.

నీకూ ఇలాంటివి వస్తాయి, ఆఫీసులో మరీ. నువ్వు చెప్పిన దానికి మీ బాసు పళ్ల మధ్య గాలి పీల్చి "చొత్తో..." అని ఆపితే అక్కడితో మాట అయిపోయింది, వద్దని. "ముజుకషీ దెస్ నే" అంటే కష్టం అని కాదు, కుదరదని. ఇంకోసారి వివరంగా చెప్తే ఒప్పుకుంటారని వాదించకు. నువ్వు వాదిస్తావు, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ మొండితనం వల్లే ఇంతదూరం వెళ్తున్నావు, అదీ నాకు తెలుసు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. 2011 మార్చి 11, శుక్రవారం మధ్యాహ్నం 2:46. నేను ఇంట్లో ఒక్కదాన్నే. మొదట గాజు బీరువా గలగలమంది, తర్వాత బిల్డింగంతా ఊయలలా ఊగింది. ఎంతసేపైనా ఆగదే. బీరువా బోర్లా పడి వంటింటి నుంచి గుమ్మం దాకా గాజు పెంకులు. వట్టికాళ్లతో బల్ల కింద ఉన్నాను, కదల్లేను. లిఫ్టు ఆగిపోయింది. తలుపు కొట్టిన చప్పుడు, "దైజోబు?" అని గొంతు, బాగానే ఉన్నావా అని. బామ్మగారు. అప్పటికి ఎనభై దగ్గర పడ్డ మనిషి. ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో తన స్లిప్పర్లు. గడియ పెట్టలేదు, తలుపు తోసి ఆ స్లిప్పర్లు నా వైపు విసిరారు, అవి తొడుక్కుని బయటికి వచ్చాను. మీ తమ్ముణ్ణి స్కూల్లోనే ఉంచారు, నేను నడిచి వెళ్లి తెచ్చుకున్నాను. రైళ్లు లేక మీ బాబాయి ఆఫీసు నుంచి నడుచుకుంటూ అర్ధరాత్రి చేరారు.

అందుకని మంచం పక్కన బూట్లు పెట్టుకు పడుకో, పిన్ని చాదస్తం అనుకోకు. బీరువాలు గోడకు బిగించు. నీళ్లు, టార్చి, పవర్‌బ్యాంకు ఒక సంచిలో గుమ్మం దగ్గర ఉంచు. ఫోన్లు కలవకపోతే 171 కొట్టి మెసేజ్ పెట్టొచ్చు, అదెలాగో ఖాళీగా ఉన్నప్పుడే నేర్చుకో.

తిండి దగ్గర నీ శనివారాలు కాస్త కష్టం. మిసో సూపులోనూ, నూడుల్స్ పులుసులోనూ మామూలుగా చేప మరిగించిన నీళ్లే ఉంటాయి, పైకి కనబడవు. ఊమె, అంటే ఊరబెట్టిన పుల్లటి పండు పెట్టిన ఒనిగిరి అన్నం ముద్ద ఊరగాయన్నంలా పుల్లగా ఉంటుంది, నీకు నచ్చుతుంది. పట్టీ మీద కత్సుఓ (అది చేప పేరు) అని లేనిది చూసి కొనుక్కో. మీ అమ్మ సూట్‌కేసు మూల పచ్చి కరివేపాకు దాస్తుంది. తీసేయ్, అక్కడ ఎయిర్‌పోర్టులో ఒప్పుకోరు. గ్రైండరు మాత్రం వద్దు.

నాలుగు చేతి తువ్వాళ్లు కొని కాగితం చుట్టి పంపుతున్నాను. ఇంట్లో చేరిన వారంలోగా పగటిపూట వెళ్లి అటూ ఇటూ ఇళ్లకి, పై ఇంటికి, కింది ఇంటికి ఒక్కోటి ఇచ్చి పేరు చెప్పు. మెత్తగా తలుపు కొట్టు. కింది ఇంటికి ముందు వెళ్లు. వాటిని పచ్చళ్ల సీసాలకు దూరంగా సర్దుకో, ఆవకాయ నూనె కారితే మరకలు పోవు.

నీ పిన్ని