కుక్క గోక్కుంటుంటే ముందు అది పడుకునే చోటు చూడండి

వానలు మొదలైనప్పటి నుంచి మీ కుక్క పొట్ట ఎర్రబడి, ఒకటే గోక్కుంటూ పాదాలు నాక్కుంటోందని రాశారు. ఎవరో అలర్జీ అన్నారని చికెన్ మానేశారు, గుడ్డు మానేశారు, అయినా తగ్గలేదు. ఇంకా ఏం మానేయాలని అడిగారు. ఇప్పటికి ఏమీ మానొద్దండి. పగలంతా అది ఎక్కడ పడుకుంటోందో ఒకసారి వెళ్లి చూసి రండి.

మాది అనంతపురం. ఇక్కడ కుక్కకు దురద వచ్చిందంటే చాలు, తప్పంతా కోడిమాంసం మీదికి నెట్టేస్తారు. మా సింగడు పొట్టి బొచ్చున్న నాటు కుక్క. చిన్నప్పటి నుంచి సంగటి, పెరుగు తిని పెరిగాడు. ఆదివారం మాత్రం ఉప్పూ కారం ఉల్లిపాయా వేయకముందే తీసి పెట్టిన నాలుగు కోడిముక్కలు పెడతాం. ఎన్నడూ ఏమీ కాలేదు. పోయిన వానాకాలంలో ఒక్కసారిగా మొదలైంది. రాత్రిళ్లు వాడు గోక్కునే చప్పుడుకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చంకల్లో తోలు లేచి నీరు కారుతోంది. పక్కింటి పెద్దాయన "ఉడుకు చేసిందప్పా, కోడి మాన్పించి మజ్జిగన్నం పెట్టు" అన్నాడు. మా అత్త కిరసనాయిలు పూయమంది.

కిరసనాయిలు మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పల్లెల్లో గజ్జి పట్టిన కుక్కలకు కిరసనాయిలు, బండిలో నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిలు పూస్తుంటారు. అసలే పుండైన చర్మం దాంతో కాలిపోతుంది. కుక్క ఊరుకోదు, నాకుతుంది. కడుపులోకి పోతే వాంతులు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

సింగణ్ణి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. గేదెలు, గొర్రెల మధ్య మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ డాక్టరమ్మ తిండి మాటే ఎత్తలేదు. "వెల్లకిలా పడుకోబెట్టండి" అంది. నేను ముందుకాళ్లు, మా ఆవిడ వెనకకాళ్లు పట్టుకుంటే వాడు మూలుగుతూ లొంగాడు. వీపు మీద ఒక్క పొక్కు లేదు. పొట్ట, చంకలు, గజ్జలు, వేళ్ల సందులు, నేలకు ఆనే చోటల్లా ఎరుపే. తొట్టిలో నీళ్లు నిలిచిన మట్టం గుర్తులా పక్కటెముకల కింద గీత గీసినట్టు ఆ ఎరుపు ఆగిపోయింది. డాక్టరమ్మ ఆ గీత వెంట వేలు పోనిచ్చి, "వీడు దేని మీద పడుకుంటాడు?" అని అడిగింది. మా ఆవిడ "పక్కన ఖాళీ సైటులో మేడమ్, చెట్లు మొలిచి చల్లగా ఉంటుందని అక్కడే ఉంటాడు" అంది. "తెల్లపూల మొక్కలేనా?" అంది డాక్టరమ్మ.

అవే. వయ్యారిభామ. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950లలో పూణే దగ్గర బయటపడి, దేశమంతా పాకిన కలుపు. దాని ఆకుల మీది నూగులో ఉండే పార్థెనిన్ అనే పదార్థం చర్మానికి పడదు. మనుషులకూ దద్దుర్లు వస్తాయి, పుప్పొడికి ఆయాసం వస్తుంది. కుక్కకు వీపు మీద బొచ్చు అడ్డం ఉంటుంది, పొట్ట కింద ఏముంది?

డాక్టరమ్మ బరువు తూచి కొద్ది రోజులకు మాత్రలు, ఒక మందు షాంపూ రాసిచ్చింది. బయట తిరిగి రాగానే పొట్ట, పాదాలు మామూలు నీళ్లతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవమంది. సైటు వైపు పోకుండా మేము తడిక కట్టాం. కోడిముక్కలు యథాప్రకారం పెట్టాం. వాడు నయమయ్యాడు.

నా గట్టి నమ్మకం ఏమిటంటే, మన సీమలో వానాకాలంలో కుక్కలకు వచ్చే దురదల్లో ఎక్కువ భాగం ఈ మొక్క పుణ్యమే. సైటు కొని, నాలుగు రాళ్లు పాతి, బెంగళూరులో కూర్చున్న ఓనర్లు ఏడాదికి ఒక్కసారైనా కలుపు తీయించరు. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగులు వేసుకుని వేర్లతో సహా పీకేయాలి. మా వీధిలో అందరం కలిసి ఆ పనే చేశాం. ఓనరుకు ఫోన్ చేస్తే "చూద్దాం లే" అన్నాడు.

మీ కుక్కకు ఎరుపు తోక మొదట్లో, నడుము మీద ఉంటే లెక్క వేరు. బొచ్చులో గెంతే చిన్న పురుగుల ఎంగిలి పడని కుక్కలుంటాయి, వాటికి కొన్ని కాట్లే చాలు. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగా కరిగితే అవి పురుగు పెంటికలు. తిండి అలర్జీ నిజంగా ఉంటుంది, కాదనను. కానీ అది సాధారణంగా కాలం చూసి రాదు, ఏడాది పొడవునా ఉంటుంది. దాన్ని తేల్చాలంటే అంతకుముందు తినని మాంసమో, డాక్టరు చెప్పిన తిండో ఒక్కటే కనీసం 8 వారాలు పెట్టాలి. నాలుగు రోజులు చికెన్ ఆపితే ఏమీ తేలదు.

ఇంకో బాధ. దురద తగ్గితే చాలని నెలనెలా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించేవాళ్లను చూస్తున్నాను. కుక్క ఊరికే నీళ్లు తాగుతుంది, ఆకలి పెరుగుతుంది, చర్మం పలచబడుతుంది. కారణం మాత్రం అలాగే ఉంటుంది. ఇంట్లో ఉన్న మన జలుబు మాత్రలూ వేయకండి. పారాసెటమాల్ కుక్కకు విషం. కొన్ని జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ కలిపి ఉంటుంది, అది కుక్క గుండెను పరుగెత్తిస్తుంది.

తేనెటీగ కుట్టాకో, టీకా వేయించాకో ముఖం వాచిందంటే అది ఈ దురదలాంటిది కాదు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. పాలిపోయినా, వాంతులవుతున్నా, తూలుతున్నా, ఊపిరి కష్టమైనా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మీరు కడప వైపు అన్నారు కాబట్టి, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. చర్మం కొద్దిగా గీరి సూక్ష్మదర్శినిలో చూస్తే గజ్జి పురుగు ఉందేమో తెలుసుకోవచ్చు, ఆ పరీక్ష చేయమని అడగండి. ఏ నెలలో మొదలైందో చెప్పండి, అది పడుకునే చోటు ఫొటో తీసుకెళ్లండి. వెళ్లే రోజు మాత్రం పసుపు, నూనె ఏవీ పూయకండి, డాక్టరుకు చర్మం ఉన్నదున్నట్టు కనబడాలి.