అవుట్‌బోర్డ్ మోటారుకి తాళం స్విచ్ బిగించే ముందు

అల్లుడూ,

బోటు వెనక తగిలించిన పాత అవుట్‌బోర్డ్ మోటారుకి తాళం స్విచ్ నువ్వే బిగిస్తానన్నావు. బిగించు, అదేం బ్రహ్మవిద్య కాదు. కానీ ఇంట్లో కారు స్విచ్ ఒకటి పడి ఉంది, అది వేసేద్దామా అని అడిగావు చూడు, అది మాత్రం వద్దు.

కారులో తాళం తిప్పితే బ్యాటరీ కరెంటు ఇగ్నిషన్‌కి వెళ్తుంది. నీ మోటారు సంగతి వేరు. బ్యాటరీ తీసేసి తాడు లాగినా స్టార్ట్ అవుతోందన్నావు కదా, అంటే ఫ్లైవీల్ అయస్కాంతాలూ కాయిల్సే దానికి స్పార్క్ పుట్టిస్తున్నాయి. దాన్ని ఆపాలంటే కిల్ వైరుని, అంటే స్పార్క్ ఆపే వైరుని, ఎర్త్‌కి, అంటే ఇంజను లోహపు ఒంటికి, కలపాలి. తాళం ఆఫ్‌లో ఉంటే ఆ రెండూ కలిసి ఉండాలి, ఆన్ చేస్తే విడిపోవాలి. బల్బు స్విచ్‌కి పూర్తిగా తిరగబడ్డ లెక్క. కారు స్విచ్ తగిలిస్తే 12 వోల్టులు కిల్ వైరులోకి పోయి పవర్ ప్యాక్, అదే స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా, కాలిపోవచ్చు. పాత మోటారుకి మళ్లీ ప్యాక్ వెతకడం ఎంత తలనొప్పో నీకు తెలియదు.

ఇలా అయస్కాంతాలతో స్పార్క్ పుట్టే పద్ధతినే మాగ్నెటో ఇగ్నిషన్ అంటారు; దానికోసం చేసిన బోటు స్విచ్చే కొను. దాని వెనక మామూలుగా ఎం, ఎం, బి, ఎస్, ఎ, సి అని ఉంటాయి. ఒక ఎంకి కిల్ వైరు, రెండో ఎంకి ఎర్త్. బికి బ్యాటరీ ప్లస్, మధ్యలో ఫ్యూజు తప్పనిసరి. చాలా మోటార్లకి 20 ఆంపియర్లది వాడతారు. ఎస్ నుంచి సెల్ఫ్ సోలినాయిడ్‌కి, అంటే స్టార్టర్ మోటారుకి కరెంటు వదిలే రిలేకి. ఎ మీటర్లకి, సి చోక్‌కి. ఎస్ వైరు దారిలో న్యూట్రల్ స్విచ్ ఉంటే దాన్ని తప్పించి కలపకు. గేరులో ఉండగా ఇంజను అందుకుంటే బోటు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, నిలబడ్డవాడు నీళ్లలో పడతాడు.

రంగులు చూసి మోసపోకు. జాన్సన్, ఎవిన్‌రూడ్‌లలో కిల్ వైరు సాధారణంగా నలుపు మీద పసుపు చార, యమహాలో తెలుపు. కానీ నీకంటే ముందు ఎంతమంది దాన్ని విప్పారో, ఏ రంగు వైరు అతికించారో! మల్టీమీటరే నమ్ము. స్విచ్ బిగించకముందే బల్ల మీద పెట్టి బీప్ మోడ్‌లో రెండు ఎంల మీదా ముళ్లు ఆనించు. ఆఫ్‌లో కూత రావాలి, ఆన్ చేస్తే ఆగిపోవాలి, స్టార్ట్ వైపు తిప్పినా రాకూడదు. తర్వాత బి, ఎస్‌ల మీద పెట్టు. స్టార్ట్‌కి తిప్పి పట్టుకున్నంతసేపే కూయాలి.

వైర్లు కలిపేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ ఊడదియ్యి. మూత తెరిచి పెట్రోలు వాసన పోయేదాకా ఆగు. మెలిపెట్టి టేపు చుట్టడం బోటులో పనికిరాదు, చెమ్మ పట్టి లోపల పచ్చగా చిలుమెక్కుతుంది. తగరం పూత ఉన్న వైరు తీసుకుని, కొసల్ని క్రింప్ చేసి, అంటే లోహపు గొట్టంలో పెట్టి నొక్కి, పైన లోపల జిగురుండే హీట్ ష్రింక్, అదే వేడికి బిగుసుకునే గొట్టం, వెయ్యి.

కిల్ వైరుని పవర్ ప్యాక్‌కి చిట్టచివర కలుపు. అంతకుముందు ప్లగ్ వైర్లు తీసి ఎర్త్ చేసి, ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టు. బ్యాటరీ తగిలించి, తాళం ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ ఉంచి, కిల్ వైరు కొసకీ ఎర్త్‌కీ మధ్య వోల్టులు చూడు. సున్నా రావాలి. ఏ కొంచెం కనిపించినా కలపొద్దు.

నడిపేవాడి ఒంటికి కట్టుకునే ఎమర్జెన్సీ తాడు స్విచ్ కూడా పెట్టు. రెండు ఎంలకీ సమాంతరంగా, తాడు ఊడగానే కిల్ వైరు ఎర్త్ అయ్యేలా వెయ్యాలి. దీన్ని మాత్రం తర్వాత చూద్దాంలే అనకు.

అన్నీ అయ్యాక కూడా స్పార్క్ రాకపోతే కంగారుపడి ఇంజను విప్పకు. ప్యాక్ దగ్గర కిల్ వైరు తీసి చూడు. స్పార్క్ వచ్చిందంటే తప్పు స్విచ్‌లోనో వైరింగులోనో ఉంది. అలా తీసి ఉన్నప్పుడు ఇంజను అందుకుంటే తాళంతో ఆగదు, చోక్ మూసి ఆపు. ఏ పరీక్షకైనా కింది భాగం నీళ్ల డ్రమ్ములో ముంచే ఉంచు. పొడిగా తిరిగితే నీళ్ల పంపులో రబ్బరు ఇంపెల్లర్ కొద్దిసేపట్లోనే పాడవుతుంది.

నీ మామయ్య