మినహాయింపు, సడలింపు, మంజూరు

సందేహం: ఖర్చులు తగ్గించుకోవడానికి ప్రభుత్వం కొత్త నియామకాలు, వాహనాల కొనుగోళ్లు ఆపేసింది. తర్వాత ఒక శాఖ అడిగితే కొన్ని పోస్టుల వరకు ఒప్పుకుంది. ఒక పత్రిక దీన్ని 'ఆంక్షల సడలింపు' అంది, ఇంకొకటి 'మినహాయింపు మంజూరు' అంది. ఏది సరైనది? 'మంజూరు' బదులు 'ఆమోదం' అనవచ్చా?

సమాధానం: ఇక్కడ మినహాయింపే. సడలడమంటే ముడి వదులు కావడం. ఖర్చు పరిమితిని అన్ని శాఖలకూ పెంచితే అది సడలింపు. మీరు చెప్పిన చోట ముడి బిగువుగానే ఉంది, ఒక్కరిని బయటికి తీశారు. అరబ్బీ 'మిన్ హా' అంటే 'దానిలోనుంచి'. మొత్తంలోంచి తీసివేసినదాన్ని చెప్పే లెక్కల మాటగా మనకు వచ్చింది. లోపల ఉన్నదాన్నే కదా తీయగలం! ఉత్తర్వు అసలు వర్తించని శాఖకు కూడా 'మినహాయింపు ఇచ్చారు' అని రాసేస్తున్నారు, అది తప్పు. ఇక 'వెసులుబాటు' మరీ వదులు మాట, ఉత్తర్వుల్లో వద్దు.

మీ రెండో ప్రశ్నే నాకు ఎక్కువ ఇష్టం. 'మంజూరు' కూడా అరబ్బీదే. నజర్ అంటే చూపు, మన్జూర్ అంటే చూడబడినది. పారసీకంలో, ఉర్దూలో దయతో చూసినది, ఒప్పుకున్నది అనే అర్థం స్థిరపడి, దఫ్తరాల దారిన తెలుగులోకి వచ్చింది. ఎదురుచూపును చెప్పే 'ఇంతజార్' కూడా ఈ ధాతువు నుంచే పుట్టింది. కింద ఫైలు పంపినవాడి ఎదురుచూపు, పైన సంతకం చేసేవాడి చూపు ఒకే వేరు నుంచి వచ్చాయంటే, ఈ మాటను నేనెందుకు వదులుకోలేనో మీకు అర్థమవుతుంది. సంస్కృతం వైపు చూడండి. 'తిరస్' అంటే అడ్డంగా, మరుగున. తిరస్కరించడం మొదట మరుగుపరచడమే. తిరస్కరిణి అంటే తెర. కాళిదాసు 'విక్రమోర్వశీయం'లో ఊర్వశి ఎవరికీ కనబడకుండా ఉండేది తిరస్కరిణీ విద్యతోనే. అరబ్బీకీ సంస్కృతానికీ చుట్టరికం లేదు. అయినా ఒకదానిలో ఒప్పుకోవడం కంటికి ఆనింది, రెండోదానిలో కాదనడం కంటికి మరుగైంది.

అందుకే మినహాయింపుకు 'మంజూరు' బాగా నప్పుతుంది. ఆర్థిక శాఖ చేయాల్సిన పని చూడటమే. ఈ ఖర్చు ఇప్పుడే కావాలా, ఎంతవుతుంది, ఉన్నవాళ్లతో పని నడవదా అని ఒక్కో ప్రతిపాదనను విడిగా చూడాలి. చూశాక అడిగినదాంట్లో సగానికే ఒప్పుకోవచ్చు, గడువో షరతో పెట్టవచ్చు. ఇంత ఖర్చు వరకు ఎవరినీ అడగక్కర్లేదని ఉత్తర్వే చెబితే, అక్కడ ఎవరూ ఏదీ మంజూరు చేయలేదు. 'మినహాయింపు ఉంది' అంటే చాలు.

'ఆమోదం'లో ఉన్నది మోదం, సంతోషం. తప్పు కాదు, కానీ ఖజానా కాపలాదారు సంతోషించాల్సిన అవసరం లేదు, చూస్తే చాలు. నాకు నిజంగా కోపం తెప్పించేది 'మంజూరు చేయబడినది'. ఎవరు చూశారో చెప్పాల్సిన చోట ఆ మనిషినే దాచేస్తే ఎలా? 'ఆర్థిక శాఖ మంజూరు చేసింది' అని రాయడానికి టెన్షన్ ఎందుకు? కర్త కనబడితే రేపు లెక్క అడిగేవాళ్లకు ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ముందు ఖర్చు పెట్టేసి, తర్వాత ఫైలు పంపితే ఏమనాలని మీరు అడగలేదు గానీ, నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న అది. చూసేసరికే డబ్బు వెళ్లిపోయింది కనుక మంజూరు అనడానికి నాకు మనసొప్పదు. 'అనంతర ఆమోదం' అంటున్నారు. దానికంటే మంచి మాట దొరికేదాకా నేనూ అదే వాడుతున్నాను.