ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేలో మీరు వేలానికి పెట్టిన వస్తువుకు, ఫీడ్‌బ్యాక్ (పాత లావాదేవీలకు ఇతరులిచ్చిన పాయింట్లు) సున్నా ఉన్న బిడ్డర్‌ను నమ్మవచ్చా?

నమ్మవచ్చు. ఎవరైనా సున్నాతోనే మొదలవుతారు. పైగా ఈబేలో 2008 నుంచి అమ్మేవాళ్లు కొనేవాళ్లకు నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేరు, కాబట్టి వందల పాయింట్లున్న బిడ్డర్ కూడా డబ్బు ఎగ్గొట్టే రకం కావచ్చు. అంకె చూస్తే తెలియదు.

చూడాల్సింది ప్రవర్తన. సైటు బయట చెల్లిస్తానన్నా, ఎక్కువ పంపి మిగతాది తిరిగి ఇమ్మన్నా, ఆర్డర్‌లో లేని చిరునామాకు పంపమన్నా బిడ్ రద్దు చేసి ఆ ఖాతాను బ్లాక్ చేయండి.

గెలిచి 4 రోజుల్లో కట్టకపోతే ఆర్డర్ రద్దు చేసి, తర్వాతి బిడ్డర్‌కు సెకండ్ ఛాన్స్ ఆఫర్ (తన బిడ్ ధరకే కొనే అవకాశం) పంపవచ్చు. డబ్బు అందిందనే ఈమెయిల్‌ను నమ్మకండి (నకిలీవి మామూలే). లాగిన్ అయి చూశాకే పార్సిల్ కట్టండి. 750 డాలర్లు, ఆపైన ఉంటే సంతకం తీసుకునే డెలివరీ ఎంచుకోండి. లేదంటే 'అందలేదు' అనే ఫిర్యాదులో నష్టం మీకే.