సైన్, కాస్‌తో వచ్చే వక్రాలు: టీని తొందరపడి తీసేయకండి

ఎక్స్ = కాస్ టీ, వై = సైన్ టీ అంటే వృత్తమని తెలుసు, వై దగ్గర సైన్ 2టీ పెడితే మాత్రం బొమ్మ ఎందుకు అంతగా మారిపోతుందో అర్థం కావట్లేదని అడిగారు.

తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటర్, డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఈ డౌట్ రాని బ్యాచ్ లేదు. పరామితి (ఎక్స్, వై రెండింటినీ నడిపించే టీ లాంటి చరరాశి) కనబడితే చాలు, దాన్ని తొలగించేయడం మనకు అలవాటు. సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఒకటి, వృత్తం వచ్చింది, మార్కులు పడ్డాయి. చుక్క ఎక్కడ బయల్దేరి ఎటు పోయిందో మాత్రం ఎవరూ చూడరు.

ఒకే పెన్నును ఇద్దరు పట్టుకున్నారనుకోండి. ఒకరు అడ్డంగా మాత్రమే, ఇంకొకరు నిలువుగా మాత్రమే కదుపుతారు. మీ లెక్కలో అడ్డంగా కదిపేవారు ఒకసారి వెళ్లి వచ్చేలోపు నిలువుగా కదిపేవారు రెండుసార్లు పైకీ కిందికీ తిరిగేస్తారు. ఇప్పుడు టీకి విలువలు వేయండి. 0 డిగ్రీల దగ్గర చుక్క (1, 0)లో ఉంటుంది. 45 దగ్గర (0.707, 1), అంటే పై అంచు తాకింది. 90కి మూలబిందువు. 135కి (-0.707, -1), 180కి (-1, 0). అక్కడి నుంచి తిరుగు ప్రయాణం: 225కి మళ్లీ పై అంచు, 270కి మళ్లీ మూలబిందువు, 315కి కింది అంచు, 360కి బయల్దేరిన చోటు. కాగితం మీద కలిపితే పక్కకు పడుకున్న 8 అంకె.

ఇప్పుడు వైలో సైన్ తీసి కాస్ 2టీ పెట్టండి. వేగాల నిష్పత్తి అదే 1:2. కానీ 8 పోయి పరావలయం ముక్క వస్తుంది, ఎందుకంటే కాస్ 2టీ అంటే 2ఎక్స్ స్క్వేర్ మైనస్ 1. టీని తీసేస్తే మొత్తం పరావలయం అనుకుంటాం. నిజానికి చుక్క ఎక్స్ -1 నుంచి 1 వరకే, ఆ ఒక్క ముక్క మీదే వెళ్లి వస్తుంటుంది. మారింది ఫేజ్ మాత్రమే, అంటే రెండు కదలికల్లో ఒకటి మరోదానికన్నా ఎంత ముందు మొదలైందన్న తేడా.

దీన్ని కళ్లారా చూడాలంటే ఫిజిక్స్ ల్యాబ్‌లో సీఆర్ఓను (విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూపే పరికరం) ఎక్స్-వై మోడ్‌లో పెట్టి, ఒకదాని ఫ్రీక్వెన్సీ రెండోదానికి రెట్టింపుగా ఉండేలా రెండు ఆసిలేటర్లు (అలాంటి సంకేతాలు పుట్టించేవి) కలిపి చూడండి. ఎంత సర్దినా అది సరిగ్గా రెట్టింపు కాకుండా కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఫేజ్ మెల్లగా జారుతుంది. ఆకుపచ్చ 8 మూసుకుపోతూ పరావలయం అవుతుంది, మళ్లీ తెరుచుకుంటుంది. నాకైతే ఆ కాసేపు చూసింది ఎన్నో పేజీల లెక్కలకన్నా ఎక్కువ నేర్పింది. వీటినే లిసాజు బొమ్మలంటారు. ఫ్రాన్స్‌కు చెందిన లిసాజు 1857లో ట్యూనింగ్ ఫోర్కులకు అద్దాలు బిగించి, కాంతితో వీటిని చూపించాడు. అంతకుముందే 1815లో అమెరికాలో బౌడిచ్ లోలకం చలనంలో వీటిని పరిశీలించాడు.

ఇంకో చిక్కు, పరీక్షల్లో కొంప ముంచేది: దీర్ఘవృత్తంలో టీ అనేది కేంద్రం దగ్గర కోణం కాదు. ఎక్స్ = 2 కాస్ టీ, వై = సైన్ టీలో టీ 45 డిగ్రీలు పెడితే ఆ బిందువు దాదాపు 26.6 డిగ్రీల దిశలో ఉంటుంది.

సీఆర్ఓ అందుబాటులో లేకపోతే ఫోన్‌లో గ్రాఫులు గీసే డెస్మోస్ యాప్ చాలు. అందులో టీ హద్దు 0 నుంచి 1 వరకే ఇచ్చి ఉంటుంది, దాన్ని 2పై వరకు మార్చుకోండి, లేకపోతే గీతలో కొంత ముక్కే కనిపిస్తుంది. ముందుగా ఎక్స్ = సైన్ 2టీ, వై = సైన్ 3టీ వేసి, పై అంచును ఎన్నిచోట్ల తాకిందో, కుడి అంచును ఎన్నిచోట్ల తాకిందో లెక్కపెట్టండి. పైన మూడు, పక్కన రెండు రావాలి.